ఉత్త రాజు

కోరుట్ల దర్జీ పాషాకు మొండితనం తల్లి సర్వర్ బీ పాలతోనే అబ్బింది. చదరంగం నేర్పిందీ ఆమే. "ఎదుటోనికి ఉత్త రాజును మిగల్చకు బేటా, ఆట సమానమైతది" అనేది. ఇళ్లల్లో ఆడే పాత కట్టుబాటు అది. పోటీల్లో చెల్లదని పాషాకు తెలుసు. తెలిసి ఏం లాభం, అలవాటు పడ్డ చెయ్యి వినొద్దూ!

సకల జనుల సమ్మె రోజులు. బస్సులు బంద్. జగిత్యాలలో పోటీ మాత్రం ఆగలేదు. మంచం పట్టిన సర్వర్ బీ "పో, కప్పు తే, కండ్లార చూస్త" అని కొడుకును తరిమింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క కప్పూ గెలవని మనిషి, ఈసారి ఆఖరి ఆట దాకా వచ్చాడు. ఎదురుగా సిరిసిల్ల నేతకారుడు దశరథం, పాషా కన్నా అర పాయింటు ముందున్నాడు.

ఆట నడుమ పాషా భార్య నాజియా, పోటీ నడిపే మల్లేశానికి ఫోన్ చేసింది. అత్తకు ఊపిరి అందడం లేదట.

"నడువు పాషా, బండి మీద దింపుత" అన్నాడు మల్లేశం. "పొద్దుగూకితే మేడిపల్లి కాడ రాస్తారోకో. తొవ్వ దొరకదు."

"డ్రా చేసుకుందాం భాయ్. తల్లి కన్న ఆట ఎక్కువనా?" అన్నాడు దశరథం.

"డ్రా అయితే కప్పు నీదేనాయె! గందుకేనా గీ ప్రేమ? కూసో" అన్నాడు పాషా.

ఛీ, ఎంత మాట! దశరథం ముఖం మాడిపోయింది. అయినా కూర్చున్నాడు.

నిజానికి పాషాదే పైచేయి. చివరికి దశరథానికి మూలన రాజు, కదలలేని ఒక బంటు మిగిలాయి. మంత్రితో బంటును కొడితే గెలుపు ఖాయం. కానీ ఉత్త రాజు మిగులుతుందని వేళ్లు వెనక్కి పోయాయి. మంత్రిని పక్క గడిలోకి జరిపాడు. దశరథం రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు.

"డ్రా" అన్నాడు మల్లేశం మెల్లగా.

మేడిపల్లి దగ్గర టైర్లు మండుతున్నాయి. లారీలు అడ్డంగా నిలిచాయి, బండికి సందు లేదు. పాషా దిగి మక్కచేన్లలో పడి ఉరికాడు, ఏడుస్తూ.

ఇంటికి చేరేసరికి సర్వర్ బీ మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. నాజియా తలెత్తలేదు.

"పానం పోయేదాక ఒక్కటే మాట. కప్పొద్దు, నా కొడుకును రమ్మను అన్నది."