ఖాళీ ఊళ్లో చాటింపు

1966లో నన్ను బోధన్ వైపు ఒక పంచాయతీ సమితికి ఎక్స్‌టెన్షన్ ఆఫీసరుగా బదిలీ చేశారు. సమితిలో బీడీవో కింద వ్యవసాయానికి ఒకరు, పశువులకు ఒకరు, సహకార సంఘాలకు ఒకరు ఉండేవారు. నాది పంచాయతీల విభాగం. గ్రామ పంచాయతీల పని చూడడం, ఫిర్యాదు వస్తే విచారించి డివిజనల్ పంచాయతీ అధికారికి నివేదించడం నా బాధ్యత. తీర్పు చెప్పే అధికారం నాకు లేదు.

ఆ కాలంలో చట్టాలు వెంటవెంటనే మారాయి. 1964లో గ్రామ పంచాయతీల చట్టం, మరుసటి ఏడు పురపాలక సంఘాల చట్టం వచ్చాయి. వాటిని అర్థం చేసుకోవడానికి మాకే చాలా రోజులు పట్టింది. పట్టణాన్ని ఆనుకుని ఉన్న పల్లెను పురపాలక హద్దుల్లో కలపాలంటే ప్రభుత్వం ముందు ముసాయిదా ప్రకటన ఇవ్వాలి. గెజిట్ పల్లెకు రాదు కాబట్టి ఆ ప్రకటనను చావడి గోడకు అంటించి, డప్పు కొట్టించి చాటాలి. జనం గడువులోపల ఆక్షేపణలు రాసి ఇవ్వవచ్చు. వాటిని పరిశీలించాకే తుది ప్రకటన వెలువడుతుంది. తుది ప్రకటనతో ఆ ఊరి పంచాయతీ రద్దవుతుంది. దాని బావులు, దారులు, పశువులు మేసే గైరాన్ భూమి పురపాలక సంఘం చేతికి పోతాయి.

నేను చెప్పే పల్లె నిజాంసాగర్ కాలువ కింద చెరకు పండించే ఊరు. పేరు చెప్పను. పక్కనున్న పట్టణానికి ఆ ఊరి ఇళ్లతో పని లేదు, గైరాన్‌తోనే పని. పాకీదొడ్ల మలం, వీధుల చెత్త కలిపి ఎరువు చేసే యార్డుకు పట్టణంలో స్థలం దొరకలేదు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనిది ముసాయిదా వచ్చిందన్న సంగతే. గడువు దాటిపోయాక, పట్టణం మనుషులు గైరాన్‌లో గొలుసులు పట్టి కొలతలు తీస్తుంటే తెలిసింది.

సర్పంచు గంగారెడ్డి నిజామాబాదు పోయి వకీలు చేత అర్జీ రాయించుకొచ్చాడు. మా ఊళ్లో ఎలాంటి చాటింపూ జరగలేదు, కాబట్టి ఆక్షేపణలకు మళ్లీ గడువు ఇవ్వాలి అని అందులోని వాదన. ప్రకటన తెచ్చిన ఆఫీసు జవాను మాత్రం అంటించాను, చాటింపు వేయించాను అని ముందే రాసిచ్చి ఉన్నాడు. రెంటిలో ఏది నిజమో విచారించమని నన్ను పంపారు.

చావడిలో విచారణ పెట్టాను. అర్జీదారుల ఎదుటే సాక్ష్యం తీసుకోవడం పద్ధతి. గంగారెడ్డి యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఆయన వెనక ఊరి పెద్దలు కూర్చున్నారు. గోడకు ఆనుకుని జవాను నిలబడ్డాడు. నేను కాగితాలు సర్దుకుంటుండగా పోశెట్టి అనే ముసలి రైతు అడిగాడు: "సారూ, మున్సిపాలిటీల కలిస్తే మా బర్లు పేడ పెట్టాలన్నా లైసన్సు గావాల్నా?" అందరూ నవ్వారు. పక్కనున్న ఆవిడ, "నీకే గావాలె తాత, బర్లకెందుకు" అంది. ఆ ఊళ్లో నేను విన్న నవ్వు అదొక్కటే.

ఊరి డప్పు సాయిలుది. చాటింపు వేయడం వాళ్ల ఇంటి వంతు. అందుకు బదులు పన్ను లేకుండా ఇచ్చిన కొంచెం ఇనాం చెలక, పంట మీద రైతులిచ్చే గింజలు అతనికి ఆధారం. డప్పు కొట్టారా లేదా అన్నది అతని నోటి మాట మీదే ఆధారపడి ఉంది. కొట్టలేదని చెబుతాడని ఊరికి అనుమానమే లేదు. ఎందుకంటే ఎవరూ వినలేదు.

జవాను చెప్పిన తేదీ చదివాను. చావడిలో గుసగుసలు మొదలయ్యాయి. "గా దినం ఊర్లె మనుషులే లేరు గద" అన్నాడు పోశెట్టి.

ఆ రోజేమిటో ఇక్కడ వివరించాలి. ఆ ఏడు వానల మొదట్లో ఊరికి గత్తర తగిలింది. పట్టణం వాళ్లు కలరా అంటారు. గత్తర ఆగకపోతే ఊరు ఖాళీ చేయడం అక్కడి ఆచారం. తెల్లవారకముందే పసిపిల్లలు, పశువులతో సహా అందరూ పొలిమేర దాటి కాలువ అవతలికి పోతారు. పొయ్యిలు ఆర్పేస్తారు. దారులకు అడ్డంగా వేపమండలు కడతారు. పొద్దు గూకాక పోచమ్మకు మొక్కు చెల్లించి తిరిగి వస్తారు. ఆ నడుమ ఎవరూ ఊళ్లో అడుగు పెట్టకూడదు. పెడితే అమ్మవారు వెళ్లిపోయేది పోకుండా వెనక్కి తిరుగుతుందని నమ్మకం. మర్నాడు గోడలన్నిటికీ సున్నం వేస్తారు. చావడి గోడ మీది కాగితం ఏమైందో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ ఏడు ఊరు ఖాళీ చేసినా గత్తర ఆగలేదు. తిరిగి వచ్చిన వారంలోనే గంగారెడ్డి తమ్ముడు పోయాడు. మరికొందరు కూడా పోయారు.

సాయిలును పిలిచాను. నలభై ఏళ్లుంటాయి. తలగుడ్డ తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. డప్పు కొట్టావా అని అడిగాను. అతను నా వైపు కాక జవాను వైపు చూశాడు. తర్వాత నన్నే ఒక మాట అడిగాడు.

"ఇనేటోళ్లు లేకుంటే సాటింపు చెల్లుతదా సారూ?"

అది తేల్చేది నేను కాదని, అతను చెప్పిందంతా ఉన్నదున్నట్టు రాస్తానని చెప్పాను.

"అంతా రాస్తరా?"

"రాస్తాను."

"అయితే రాయుండ్రి. కొట్టిన. గా దినమే కొట్టిన."

అతను ఆగకుండా చెప్పుకుపోయాడు. జవాను కాలువ అవతలికి వచ్చి, గడువు పోతుంది, సర్కారీ హుకుం, కొట్టకుంటే ఇనాం పోతుందన్నాడట. ఇద్దరూ వేపమండలు దాటి ఊళ్లోకి వచ్చారు. "ఎవలకు సాటాలె, కుక్కలకా అని అడిగిన. నీకెందుకు, కొట్టు అన్నడు. చావడికాడ కొట్టిన, గౌండ్ల గల్లీల కొట్టిన. ఒక్క మనిషి లేడు. లేరని తెలిసే కొట్టిన. ఊరంతా బయట ఉన్నది, ఎవ్వలు ఇనలే. ఇది గూడ రాయుండ్రి."

జవానును అడిగాను. తల వంచుకుని, నిజమే అన్నాడు.

గంగారెడ్డి లేచాడు. గొంతు పెంచలేదు. "గా దినం నువ్వు ఊర్లెకు వచ్చినవారా సాయిలు?" అన్నాడు.

"వచ్చిన పటేలా."

"పొద్దున మంచిగనే ఉన్నడు నా తమ్ముడు. ఆడ నాతోనే బువ్వ తిన్నడు." బయటికి వెళ్లిపోయాడు. వెనకే మిగతావాళ్లు లేచారు. వెళ్తూ పోశెట్టి సాయిలు ముందు ఆగాడు. "కొట్టలేదంటే అయిపోవు గదరా. ఎవడు ఇన్నడు?" అన్నాడు. సాయిలు వేలిముద్ర వేస్తున్నాడు.

రెండు విషయాలూ నివేదికలో రాశాను. చాటింపు జరిగింది, ఆ సమయంలో ఊళ్లో జనం లేరు, కాబట్టి ఆక్షేపణలకు మళ్లీ గడువు ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. చాటింపు జరగలేదన్న అర్జీ అబద్ధమని డప్పు కొట్టిన వ్యక్తే ఒప్పుకున్నాడు, నిబంధన నెరవేరింది, గడువు దాటిన ఆక్షేపణలు స్వీకరించనవసరం లేదు. ఖాళీ ఊరి ప్రస్తావన అందులో లేదు. తుది ప్రకటన వెలువడింది. మరుసటి ఎండాకాలానికి గైరాన్‌లో యార్డు మొదలైంది. ఊరి బావి దానికి ఎంతో దూరంలో లేదు.

సాయిలు ఇంటికి నిప్పు, నీళ్లు బందు చేశారు. గింజలు ఇవ్వడం మానేశారు. డప్పు వంతు అతని దాయాదికి అప్పగించారు. ఊరు పురపాలక సంఘంలో కలిశాక డప్పుకే పని లేకుండా పోయింది, కానీ ఆ వెలి మాత్రం అలాగే నిలిచింది. ఒకసారి చెరకు బళ్ల వరస దగ్గర అతను కనిపించాడు. మహారాష్ట్ర నుంచి వచ్చిన చెరకు నరికే గుంపులో కలిసి పని చేస్తున్నాడు. చేతులు, ముఖం ఆకు కోతలతో గీరుకుపోయి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"ఎవ్వలు లేరని గూడ రాసిండ్రా సారూ?"

రాశానని చెప్పాను. పైవాళ్లు మొదటి మాటే తీసుకున్నారని కూడా చెప్పాను.

"ఎవ్వలు ఇననిది సాటింపెట్లయితది, ఊరికి ఊరు దక్కుతది అనుకున్న. కొట్టలేదంటే ఇనాం పోతది, కొట్టిన అంటే ఊరు ఎలేస్తది, నేను ఎటూ పోయేటోన్నే అనుకున్న" అన్నాడు. మేస్త్రీ మరాఠీలో కేకేస్తే వెళ్లిపోయాడు.

రెండేళ్లకు అతను భార్య పుట్టింటి ఊళ్లో జ్వరంతో చనిపోయాడని విన్నాను. అతని సొంతూరి నుంచి ఎవరూ వెళ్లలేదట.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఎన్నో విచారణలు చేశాను. ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది పని పద్ధతి గురించి. నిబంధన డప్పు కొట్టారా అని మాత్రమే అడుగుతుంది, విన్నారా అని అడగదు. కొత్త చట్టం చేతికి వచ్చినప్పుడు ముందు చూడవలసింది అది ఏమి అడగదో. సాక్షి నోరు తెరవకముందే ఆ సంగతి అతనికి చెప్పాలి. నిజం చెప్పమని అడిగే అధికారికి ఆ నిజాన్ని దేనికి వాడతారో చెప్పే బాధ్యత కూడా ఉంటుంది. అలా చెప్పాలని ఏ నియమావళిలోనూ లేదు. చెప్పకూడదనీ లేదు.