చివరి ఎపిసోడ్ వాయిదా పడిన శుక్రవారం

శుక్రవారం అంటే మా ఇంట్లో జపాన్ యానిమేషన్ సీరియల్ ఎపిసోడ్ వచ్చే రోజు. జపాన్‌లో అర్ధరాత్రి దాటాక టీవీలో వేసేది సౌదీలోని దమ్మామ్‌లో మాకు సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళకల్లా యాప్‌లో వచ్చేస్తుంది. ఆ మధ్యాహ్నం నుంచే నాకు కాలు నిలవదు. పకోడీలు వేయించడం, పేజీ రిఫ్రెష్ చేయడం, మళ్లీ వంటింట్లోకి. నలభై దాటిన ప్లానింగ్ ఇంజనీర్ని, ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పను.

నా భార్య ఇక్కడే ఒక క్లినిక్‌లో డెంటిస్టు. నేను కథ వెంట పరిగెడితే తను ఆపి ఆపి చూస్తుంది. "ఆ చెయ్యి చూడండి, తలుపు తీసే ముందు కాస్త తటపటాయించింది. ఎవరో కావాలని గీశారది," అంటుంది. కదలికలో ముఖ్యమైన బొమ్మలు ఒకరు గీస్తే, వాటి మధ్య బొమ్మలు ఇంకొకరు, ఒక్కోసారి వేరే దేశంలో, నింపుతారని నాకు చెప్పింది తనే. ప్రసారానికి కొద్ది గంటల ముందు మాత్రమే ఛానెల్‌కి అందే ఎపిసోడ్లు కూడా ఉంటాయట.

ఎపిసోడ్ చివర్లో పడే పేర్లలో ఒక చిత్రకారిణిని పట్టుకుని, అనువాదం యాప్ సాయంతో తను ఆమెకి రాస్తుండేది, మా ఇద్దరి ఉమ్మడి ఖాతా నుంచి. ఆమె అప్పుడప్పుడు జవాబిచ్చేది. ఒకసారి చిత్తు గీతల ఫొటో పంపితే నా భార్య వారమంతా కూనిరాగాలు తీసింది.

చివరి ఎపిసోడ్ రావాల్సిన శుక్రవారం అది రాలేదు. పాత ముక్కలు అతికించిన ఎపిసోడ్ వేశారు. పని పూర్తికాలేదని, మన్నించమని ఆ చిత్రకారిణి పోస్టు పెట్టింది. వారమంతా సైటులో సబ్‌కాంట్రాక్టర్ల నోట "కల్ హో జాయేగా", రేపు అయిపోతుంది అనే మాటే విని విసిగి ఉన్నాను. ఆ పోస్టు కింద రాశాను: "తేదీ నిలబెట్టుకోలేనివాళ్లు పని ఒప్పుకోకూడదు. నా సైటులో అయితే ఈపాటికి గేటు బయట ఉండేవాళ్లు." ఏ ఖాతాలో ఉన్నానో చూసుకోలేదు.

మర్నాడు నా భార్య టీ కప్పు పక్కన ఫోన్ పెట్టింది. "ఇది నేను రాశానా?"

ఫోన్ అందుకుని చూశాను. తెర మీద నా నిన్నటి వ్యాఖ్య.

"ఆవిడ దృష్టిలో మనిద్దరం ఒకే మనిషి. ఇన్నాళ్లూ మెచ్చుకుని ఇప్పుడు గేటు బయటికి తోసింది నేనే."

"చెరిపేస్తాను."

"చదివేసింది. చెరిపితే ఏం మారుతుంది, ఇంజనీరు గారూ? డ్యామేజీ చేసినవాళ్లే రిపేరు చేయాలి."

నా మొదటి క్షమాపణ చదివి పెదవి విరిచింది. "ఎండ, అలసట, పని ఒత్తిడి... ఇది క్షమాపణా, గడువు పెంచమని క్లయింటుకి రాసే ఉత్తరమా? ఇందులో మీరెక్కడున్నారు?"

కారణాలన్నీ కొట్టేశాను. మిగిలింది చిన్నదే: ఇన్నాళ్లూ రాసింది నా భార్య. నిన్నటి మాటలు నావి. అవి తప్పు. పంపాక నా పాత వ్యాఖ్య మళ్లీ చదివాను. సైటులో రోజూ నేను మాట్లాడేది అదే భాష. పని ఎందుకు ఆగిందని ఒక్కణ్ని అడిగిన గుర్తు లేదు.

జవాబు రాలేదు. నా భార్య మాటిమాటికీ ఫోన్ తీసి చూడటం, పక్కన పెట్టేయడం నేను గమనిస్తూనే ఉన్నాను.

తర్వాతి శుక్రవారం ఎపిసోడ్ వచ్చింది. వానలో వంతెన మీద కథానాయిక, ఆ చిన్న పిల్ల, పరుగు మొదలవగానే నేను సోఫా అంచుకి వచ్చేశాను. జారిన చెప్పు, ముఖానికి అతుక్కున్న జుట్టు, ఊపిరికి ఎగిసిపడే భుజాలు, ప్రతిదీ ప్రాణంతో కదులుతోంది. తెలియకుండానే లేచి నిలబడ్డాను. నా భార్య ఈసారి ఒక్కచోట కూడా ఆపలేదు. పేర్లు పడేటప్పుడు మాత్రం ఆపింది. ఆ చిత్రకారిణి పేరుంది.

నా భార్య అదే ఖాతా నుంచి ఆమెకి వంతెన దృశ్యం గురించి రాసింది. అక్కడ అర్ధరాత్రి దాటినా, కాసేపటికే జవాబు వచ్చింది: "భార్యగారా, భర్తగారా?"

నా భార్య పకపకా నవ్వింది. 'భార్య' అని టైప్ చేసి నావైపు తిరిగింది. "మీరు అవతలికి వెళ్లండి. మేం మాట్లాడుకోవాలి."

గిన్నెలు తోముతుంటే గదిలోంచి మెసేజీల చప్పుడు, ఒకదాని వెనక ఒకటి. ఏం రాసుకుంటున్నారో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకులాడింది. అడగలేదు.