ఓడినవాళ్ల కుర్చీ

తిరువొత్తియూరులో మా బ్యాడ్మింటన్ పోటీలు ఇప్పటికీ ఏటా జరుగుతున్నాయి. వాటిని మొదలుపెట్టిన పెద్దాయనే లేరు. ఓడినవాళ్లే తర్వాతి ఆటకు అంపైరుగా కూర్చోవాలన్నది ఆయన పెట్టిన నియమం. వాళ్లు ఎక్కేముందు ఆ ఎత్తు కుర్చీని తన భుజం మీది తుండుతో తుడిచేవారు.

ఒక ఏడు మా అమ్మాయి తొలి ఆటలోనే ఓడి, "ఇంక ఈడికి రానే రాను మా" అని నా దగ్గర ఏడ్చింది.

ఆయన కుర్చీ తుడిచి, "సరే మా, రావద్దులే. ఈ ఒక్క ఆటకి స్కోరు చెప్పేసి పో. ఏడుస్తానే చెప్పు, గట్టిగా మాత్రం చెప్పు" అన్నారు.

అమ్మాయి కుర్చీ ఎక్కి, ఏడుస్తూనే స్కోరు చెప్పడం మొదలుపెట్టింది. సగం ఆట అయ్యేసరికి, షటిల్ బయట పడిందని వాదిస్తున్న మగపిల్లల్ని "గీత మీదే పడింది, ఆడండి" అని గదమాయిస్తోంది.

ఆయన నా పక్కకు వచ్చి, "ఇంటికి పోదామని ఇప్పుడు పిలవబాకమ్మా" అన్నారు మెల్లగా.