నాయన పట్టిన రంగు తప్పు

మొన్న ఇంట్లో తూము పూడిపోతే కాస్టిక్ సోడా పోసినాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఎమ్మిగనూరులో మా నాయన రంగుల కొట్టం ముందర నిలబడినట్టయింది.

నాయన మగ్గాలోళ్ళకు నూలుకు రంగులద్దేవాడు. ఎండాకాలమొస్తే పొద్దున్నుంచీ పొయ్యిల మీద గంగాళాలు మరుగుతా ఉండేవి, వెదురు గడల మీద ఎర్రవీ పచ్చవీ నీలివీ నారింజవీ తడి నూలు చిలపలు వరసగా కారుతా ఉండేవి, కింద మట్టిలో కట్టిన రంగు మడుగుల్లో కాళ్ళు ముంచి ఎవరి పాదాలకు ఎక్కువ అంటుతుందో అని మేం పిల్లలం పందెం కాసేవాళ్ళం, శ్రావణంలో ఉరుకుంద తిరునాళ్ళకు పోయేనాటికి కూడా మా మడమలు నీలంగానే ఉండేవి. ఉగ్గానీ, మిరపకాయ బజ్జీ పెడతా "ఆ సేతుల్తో తినాకండ్రా" అని అవ్వ తిట్టేది.

గంగాళాల్లో నూలు చిలపలు తిప్పుతానే నాకు పదేండ్లు నిండినాయి. అక్షరాలు వచ్చింది ఆ తరువాతే. ఒకటో తరగతిలో పక్కన కూర్చున్నోళ్ళు నా నడుముకొచ్చేవాళ్ళు. "ఏం తాతా, పలక తెచ్చినావా?" అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వంటే భయం నాలో ఉండిపోయింది. సాకు చెప్పడం లేదు, ఉన్నదే చెప్తున్నాను.

తరగతులు దాటుకుంటా పది పాసై, ఎనభైల చివర్లో ఆదోనిలో కంప్యూటర్ నేర్పే చోట చేరినాను. అక్కడ రంగుల తెర ఒక్కటే. ఆఖరి దినం ఇంటి పెద్దల ముందర తలా ఒక ప్రోగ్రాం చూపించాల. నేను నారింజ పొద్దును గీసి, తెర మెల్లగా చీకటి కావాలనుకున్నాను. దానికి బొమ్మను ముట్టుకునే పనిలేదు. ఒక్కో రంగుకూ ఎరుపు ఇంత, పచ్చ ఇంత, నీలం ఇంత అని లోపల పట్టీ ఉంటుంది, ఆ అంకెలు తగ్గిస్తే బొమ్మంతా దానంతట అదే మసకబడుతుంది. నేను నారింజకు ఎరుపు ఎక్కువ, పచ్చ తక్కువ పెట్టి, ప్రతి విడతకూ మూడింటిలోనూ ఒక్కొక్కటి తీసేసినాను.

నాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చినాడు. చేతులు మాత్రం మోచేతుల దాకా నీలం. నేను చేసిన పద్ధతి సారు అందరికీ వివరించినాడు. పొద్దు మసకబారి తెర నల్లబడింది. చప్పట్లు కొట్టినారు. నాయన లేచినాడు.

"సార్, రంగు తిరిగిపాయ. నారింజ నారింజగానే సల్లారల్ల, ఇది నెత్తురు మాదిరి ఎర్రగై పాయ. ఎక్కువున్న దాంట్లో, తక్కువున్న దాంట్లో సమానం తీస్తే తక్కువున్నది ముందే ఐపోదా? ఒకటి సగం సేస్తే అన్నీ సగం సేయల్ల."

ఆ చేతులు చూసి వెనక నుంచి ఒకడు "పెద్దాయనా, ఇది గంగాళం కాదు" అన్నాడు. అంతా నవ్వినారు. సారు నా తట్టు తిరిగి, "ఎవరప్పా ఈయన?" అన్నాడు.

"మా వీధాయన సార్. బస్సులో తోడొచ్చినాడు."

నాయన విన్నాడు. కూర్చుని చేతులు తువ్వాల కింద పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చినాడు. కొంచెం దూరం పోయినాక, "దాంట్లో పచ్చ ఎంత ఏసినావప్పా?" అని అడిగినాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినాడు. నేను నిద్ర నటించినాను.

వారం తరువాత అంకెలన్నీ ఒకే పాలున తగ్గించి చూసినాను. పొద్దు ఆఖరి దాకా నారింజగానే ఉండి, నివురు కప్పిన నిప్పు మాదిరి అణిగిపోయింది. "భలే, ఎట్లా తోచింది?" అన్నాడు సారు. నాకే తోచింది సార్, అన్నాను. భయపడి అన్నానని చెప్పుకునేదానికి ఆ దినం నవ్వేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

ఇప్పుడు ఆ కొట్టం లేదు. నూలు రంగేసుకునే వస్తుంది, మడమలకు రంగంటిన పిల్లలు ఆ వీధిలో కనబడరు. ఆదోనిలో ఆ కంప్యూటర్ గది కూడా పోయింది. నాయన ఆ తరువాత పద్దెనిమిదేండ్లు బతికినాడు. దినమూ ఒకే పొయ్యి మీద వండింది పక్కపక్కన కూర్చుని తిన్నాం. నువ్వు చెప్పిందే సరైంది నాయనా అని ఒక్కనాడూ అనలేదు.