కారుకు పూసిన విభూతి

మెకానిక్ సెన్సార్ మీద స్ప్రే కొట్టడం చూస్తే నాకిప్పటికీ విభూతి వాసన గుర్తొస్తుంది.

"కారు ఈ గొట్టంతోనే ఊపిరి తీసుకుంటాది పాపా," అన్నాడు నాయన నా చిన్నప్పుడోసారి, గాలి ఫిల్టర్ తీసి దులుపుతూ. ఉబ్బసం ఎక్కువైనప్పుడల్లా అవ్వ గుండెలకు అమ్మ విభూతి పూసేది. కారుకూ మంచిదేనని, నాయన అటు తిరగ్గానే గొట్టంలో గుప్పెడు పోశాను.

మరునాడు అవ్వను కదిరి ఆస్పత్రికి తీసుకెళ్తుంటే కారు దగ్గుతూ, ఎగిరెగిరిపడుతూ నడిచింది. పక్కన అవ్వ ఆయాసం. రెండు ఊపిర్లూ నా వల్లే ఆగిపోతాయనుకున్నాను.

దారిలో ఒక షెడ్డు దగ్గర ఆపితే, మెకానిక్ సెన్సార్ వైరు పీకగానే ఇంజన్ కుదుటపడింది. "గాలి కొలిచే సెన్సార్‌లోనే ఉండాదన్నా రోగం," అంటూ దాన్ని విప్పి, వేలితో తుడిచి వాసన చూశాడు. తర్వాత నా నుదుటి విభూతిని చూశాడు.

"ఏమైనాదప్పా?" అన్నాడు నాయన.

"దుమ్మన్నా. మన సీమ దుమ్ము," అంటూ మెకానిక్ సెన్సార్ మీద స్ప్రే కొట్టాడు.

అవ్వ వేళకే ఆస్పత్రికి చేరింది. నాయన మాత్రం ఇప్పటికీ ఆ దుమ్మునే తిడతాడు.