ఒడిబియ్యం మూటతో మెదక్‌కు

బియ్యం కలిపింది నేను. మూట కట్టింది నేను. పోసేది మాత్రం వేరేవాళ్లట. నా ప్రయాణం ఈ "అట" దగ్గరే మొదలైంది.

నా కూతురు కవిత, అల్లుడు మెదక్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం నాడు పుట్టింటివాళ్లు వెళ్లి ఆడపిల్ల కొంగులో బియ్యం పోయడం మా వైపు ఆచారం. దాన్నే ఒడిబియ్యం అంటాం. పసుపూ నూనే పట్టించిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, ఒక రవిక గుడ్డ. ఇవి ఒడిలో పడకపోతే ఎంత పెద్ద ఇల్లు కట్టినా ఏదో వెలితిగానే ఉంటుంది మాకు. అన్నీ సిద్ధం చేసుకుంటుండగా కవిత ఫోన్ చేసింది.

"అమ్మా, బియ్యం నువ్వే తే. పొయ్యనీకి మాత్రం అత్తమ్మను రమ్మన్న, రామాయంపేట నుంచి."

అత్తమ్మ అంటే నా తమ్ముడి భార్య సుజాత.

"ఎందుకే, నాకు చేతులు లెవ్వా?" అన్నాను.

"గట్ల కాదే. ముత్తైదువలే పొయ్యాలంటుంది మా అత్త. నువ్వు పోస్తే... రేపు ఏమన్న అయితే ఎట్ల?"

ముత్తైదువలు పోయాలన్న మాట వియ్యపురాలు నర్సమ్మది. ఏమన్నా అయితే ఎట్లా అన్నది మాత్రం నా కడుపున పుట్టినదాని సొంత మాట. సరే అనలేదు, కాదనలేదు. ఫోన్ పెట్టేశాను.

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్న మనిషిని. ముత్తైదువ అనే మాట రాయడం నాకు చాలాకాలం రాలేదు. త కింద త, దాని నెత్తిన ఐత్వం. ఎంత దిద్దినా పలక మీద కుదురుగా కూర్చునేది కాదు. అంతకు ముందే, నా భర్త పోయిననాడు, ఆ మాట నన్ను ఒకసారి బయటికి తోసింది. పలక మీద మళ్లీ తోసింది. పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు తప్పులేకుండా రాస్తాను.

పాలు పొంగించే వేళకు రమ్మని నన్నెవరూ అనలేదు. వెళ్లినా గోడవారన కూర్చోబెట్టేవారే కాబట్టి, ఆ రోజు పొద్దున ఏడు దాటాక టేక్మాల్‌లో బస్సెక్కాను. బోర్డు నేనే చదివి ఎక్కాను. మీరూ చదివే ఎక్కండి, పక్కవాళ్లను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో బస్సు చూపిస్తారు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తారు. కండక్టర్ నా మూట వంక చూసి, "పెద్దమ్మా, బియ్యానికి ఆధార్ ఉందా?" అన్నాడు. "ఉంది, పసుపురాసి పట్టుకొచ్చిన, చూస్తవా?" అన్నాను. బస్సులో సగం మంది నవ్వారు.

నా పక్క సీట్లో ఖైరున్‌బీ అనే ఆమె కూర్చుంది. నా కంటే నాలుగైదేళ్లు చిన్నదయి ఉంటుంది. ఆమె ఒళ్లోనూ ఒక మూట. నా మూట ముడి కొంచెం వదులై ఖర్జూరాలు కనబడితే, తన మూట విప్పి చూపించింది. అందులోనూ ఖర్జూరాలు, కుడుకలు. వాటి పైన పాత కాగితంలో చుట్టిన ఆకుపచ్చ గాజులు.

"నా బిడ్డకు ఏడో నెల. ఇయ్యాల సత్వాసా," అంది. కడుపుతో ఉన్న పిల్లకు ఏడో నెలలో పండ్లతో ఒడి నింపి, గాజులు తొడిగే వేడుక అది. మెదక్‌లో బస్టాండు వెనక గల్లీలోనే బిడ్డ ఇల్లని చెప్పింది.

"గాజులు తొడిగేది నువ్వేనా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. "సుహాగన్లు తొడగాల్నంటరక్కా. అంటే మొగుడున్నోళ్లు. నేను వంట చేస్త."

"మీ కితాబ్‌ల గట్ల రాసుందా?"

"మౌల్వీ సాబ్‌ను అడిగిన. యాడా లేదన్నడు. మా సమ్‌ధన్ బుర్రల ఉంది, గంతే." సమ్‌ధన్ అంటే వియ్యపురాలు. ఆ మాట వినగానే నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. ముందు సీటాయన తలతిప్పి చూశాడు.

నా ఒడిబియ్యం సంగతీ చెప్పి, "నేనైతే ఇయ్యాల పోస్త," అన్నాను. "నువ్వు కూడ తొడుగు."

"నీకేందక్కా, నోరుంది నీకు."

"నాకొక్కదానికే ఇచ్చిండా దేవుడు నోరు?"

ఆమె గాజులను మళ్లీ కాగితంలో జాగ్రత్తగా చుట్టింది. మెదక్ వచ్చేదాకా ఎండలో ఎండుతున్న వడ్ల గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకున్నాం.

మెదక్ బస్టాండులో ఖైరున్‌బీ దిగి తన దారిన వెళ్లింది. సుజాత రావాల్సిన రామాయంపేట బస్సు వచ్చేసరికి ఆలస్యమైంది. ఈలోగా నేను బయట బండి దగ్గర నాలుగు మిర్చి బజ్జీలు తిని చాయ్ తాగాను. బజ్జీలు వేడిగా ఉన్నాయి, చాయ్‌లో చక్కెర మరీ ఎక్కువ, ముందే తక్కువ వేయమని చెప్పడం మంచిది. సుజాత బస్సు దిగీ దిగకముందే చేతులు జోడించింది.

"వదినె, నన్నీ పంచాయితీల దింపకు. నువ్వూ మీ వియ్యపురాలూ తేల్చుకోండ్రి. పొయ్యమంటే పోస్త, వద్దంటే బువ్వ తిని పోత."

షేర్ ఆటో ఎక్కాం. పెద్ద చర్చి గేటు దగ్గర పెళ్లి కార్లు అడ్డం ఉండి ఆటో ఆగిపోయింది. "జర ఆగుండ్రి, ఐదు నిమిషాలల్ల పోతం," అన్నాడు డ్రైవరు. ఐదు నిమిషాలన్నవాడు చాయ్‌కి పోయాడు. గేటు పక్కన కుర్చీలో ఒక ముసలమ్మ కారు కోసం చూస్తూ కూర్చుంది. తెల్ల చీర, సన్నని జరీ అంచు. గేటులోంచి కనబడుతున్న పెళ్లికూతురిదీ తెల్ల చీరే. మా ఇళ్లల్లో ఆ రంగు ఎప్పుడు కట్టిస్తారో వేరే చెప్పక్కరలేదు. ఇక్కడ అదే రంగుకు బాజాలు మోగుతున్నాయి.

కాళ్లు పట్టేసి నేను ఆటో దిగి ఆమె పక్కన నిలబడ్డాను. "పెండ్లి ఎవరిదవ్వా?"

"నా మనుమరాలిది. తండ్రి లేడు దానికి. నేనే చెయ్యి పట్టుకొని లోపలికి తోల్కపోయిన."

"మీ ఆయన?"

"ఎప్పుడో పాయె."

"మరి ఎవరేమనలేదా?"

"ఎందుకనరు! మస్తన్నరు. మేం చర్చికి పోతం గాని, మా చుట్టాలేమన్న ఆకాశంల నుంచి దిగిండ్రా? ముందల నువ్వు నడువకు, నీ మరిదిని పంపు అన్నరు. చర్చి అయ్యగారు అడిగిండు, పిల్లను ఎవరు ఇస్తున్నరని. నేనిస్తున్న అన్న. మైకు నా మూతికాడనే ఉండె. అందరికి ఇనబడ్డది."

చెప్పి, పళ్లు లేని నోటితో చిన్నపిల్లలా నవ్వింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆ నవ్వు చూసి నేను ఆటో ఎక్కాను.

మేం చేరేసరికి పదకొండు కావస్తోంది. ఇంటి ముందు షామియానా, లోపల కొత్త సున్నం వాసన. కవితను తూర్పుముఖంగా పీట మీద కూర్చోబెట్టారు. నన్ను చూసి నవ్వబోయి, మూట ఇంకా నా చేతిలోనే ఉండటం చూసి ఆగిపోయింది.

"సుజాతమ్మా, రా, నువ్వు పొయ్యి," అని పిలిచింది నర్సమ్మ.

సుజాత నా వంక చూసింది. నేను అప్పటికే కింద కూర్చుని మూట విప్పుతున్నాను.

"వదినె, నువ్వు జర పక్కకుండు," నర్సమ్మ గొంతు తగ్గించి మర్యాదగానే అంది. "శుభమా అని చేస్కుంటున్నం. తెలవనిదానివా?"

"తెలిసే వచ్చిన. నువ్వు చెప్పు వదినె, ఒడిబియ్యం ఎవరు పొయ్యాలె?"

"పుట్టింటోళ్లు."

"దీని పుట్టిల్లు ఎవరు? దీనికి అన్నదమ్ములు లేరు. తండ్రి లేడు. ఆ ఇంట్ల పొయ్యి ముట్టిచ్చేది నేను. నాటేసింది నేను, ఈ వడ్లు పండిచ్చింది నేను. నన్ను పక్కకు పెడితే ఇది యాడ పుట్టినట్టు?"

నర్సమ్మ మళ్లీ అంది. "మాటలు మంచిగనే ఉన్నయి. రేపు ఈ ఇంట్ల ఏమన్న అయితే?"

ఫోన్లో నా బిడ్డ అన్న మాటే. కవిత తల వంచుకుంది. అందుకే జవాబు దాని ముఖం చూస్తూ చెప్పాను.

"మా ఆయన పోయిననాడు నా నొసట రూపాయంత బొట్టుండె. చేతుల నిండ గాజులుండె. ఆనాడు నేను ముత్తైదువనే. మరి ఆగిండా ఆయన?"

నేను మొదటి పిడికిలి తీశాను. "పట్టు కొంగు," అన్నాను.

కవిత అత్త వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది, అల్లుడు నేల చూస్తున్నాడు. కొంగు పట్టీ పట్టనట్టు పట్టింది. సగం బియ్యం ఒడిలో, సగం నేల మీద పడ్డాయి. వెనక ఎవరో "అయ్యో" అన్నారు. నేను పిడికిలి పట్టుకుని అలాగే కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు మొత్తంలో భయం వేసింది ఆ ఒక్క క్షణమే. నర్సమ్మ కాదంటే నేను పోట్లాడగలను. నా బిడ్డ కొంగు దించేస్తే ఎవరితో పోట్లాడను?

కవిత కిందపడ్డ గింజలు ఏరి ఒడిలో వేసుకుంది. రెండు చేతులతో కొంగు ఎత్తి, వెడల్పుగా చాపి, "పొయ్యమ్మా," అంది. అందరికీ వినబడేలా అంది.

మిగిలిన పిడికిళ్లు ఒక్క గింజ నేల పడకుండా పోశాను. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు సుజాత అందిస్తుంటే పెట్టాను. ఒడి నిండాక ఆడపిల్ల అందులోంచి ఒక పిడికెడు పుట్టింటికి తిరిగి ఇవ్వాలి. కవిత ఆ పిడికెడూ నా కొంగులో వేసి, నా చేతిని కాసేపు వదల్లేదు.

భోజనంలో పప్పు, వంకాయ కూర, పులిహోర, పాయసం. నర్సమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పాయసం మాత్రం అడగకుండానే రెండోసారి వడ్డించింది. కోపమో, మర్యాదో నాకైతే తెలియలేదు. తిన్నాను.

టేక్మాల్ వైపు సాయంత్రం బస్సులు తక్కువ. పొద్దునే కనుక్కుని ఉంచుకోవాలి. నేను బస్టాండుకు వచ్చేసరికి బస్సు నిలబడి ఉంది, డ్రైవరు ఇంకా ఎక్కలేదు. లోపల కిటికీ పక్కన ఖైరున్‌బీ.

"పోసినవా?" అంది నన్ను చూడగానే.

పక్కన కూర్చుని, కొంగు ముడి విప్పి పసుపు బియ్యం చూపించాను. ఆమె ఒక గింజను వేలితో తాకింది.

"నువ్వు తొడిగినవా?"

"లేదక్కా. బిర్యాని చేసిన, అందరికి పెట్టిన. తలుపుకాడి దాకా పోయిన. మా సమ్‌ధన్ చూసింది, ఎనకకొచ్చిన. నా బిడ్డ రెండుసార్లు నా దిక్కు చూసింది. సుహాగన్లు వాళ్లు తెచ్చిన గాజులు తొడిగిండ్రు. ఇవి ఇట్లనే ఉన్నయి." ఒళ్లో కాగితం పొట్లం, పొద్దున చుట్టిన చుట్టు చుట్టినట్టే ఉంది.

ఒక్క రోజులో మూడు మతాల ఆడవాళ్లతో మాట్లాడాను. మొక్కే తీరు వేరు, పుస్తకం వేరు, పెళ్లి చీర రంగు వేరు. మొగుడు పోయినదానికి చూపించే మూల మాత్రం ఒకటే. ఆ మూలలో కూర్చోమని ఏ దేవుడూ దిగివచ్చి చెప్పలేదు. వియ్యపురాళ్లు చెబుతున్నారు, మనం కూర్చుంటున్నాం.

"నీ బిడ్డ ఇల్లు ఈ ఎనకనే గదా?" అన్నాను.

నేను సీటు కమ్మీ పట్టుకుని లేవబోయేలోపే ఆమె లేచి నిలబడింది. పొట్లాన్ని గుండెకు ఆనించుకుంది.

"ఏందమ్మా, ఎక్కుడు, దిగుడు? టికెట్ కొట్టిన మీకు!" అని అరిచాడు కండక్టర్.

"జీరో టికెట్టేనాయె బిడ్డా, చింపెయ్!" అన్నాను.

మేం గల్లీ మలుపు తిరిగేసరికి బస్సు వెళ్లిపోయింది. పోనీ. చీకటి పడ్డాక ఇంకొకటి ఉందన్నారు. ఖైరున్‌బీ తన పని తను చేసుకుని వస్తుంది. బోర్డు నేను చదువుతాను.