తగ్గింది, తగ్గిపోయింది

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘తగ్గింది’ అన్న మాటకు ఒకటే అర్థం. జ్వరం తగ్గిందంటే ఇక లేదని. దగ్గు తగ్గిందంటే కషాయం గిన్నె కడిగి బోర్లించవచ్చని. ఆ మాట వినగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుని ఎవరి పనిలో వాళ్ళు పడేవారు. నెమ్మదించింది, అదుపులోకి వచ్చింది, చూసుకోకపోతే మళ్ళీ రావచ్చు అనే అర్థాలు కూడా ఆ మాటలోనే ఉన్నాయని నాకు పన్నెండేళ్ళు దాటాక గానీ తెలియలేదు. అది కూడా మా మేనత్త కాలి వల్ల తెలిసింది.

మా మేనత్త మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో తమ్ముడి ఇంటికే వచ్చేసింది. వచ్చింది గానీ ఒక్కరోజు కూర్చుని తినలేదు. మిరప చేను, పత్తి చేను రెండూ ఆవిడే చూసుకునేది. కూలీల కంటే ముందు చేలో దిగేది, వాళ్ళు వెళ్ళిపోయాక ఇంటికి వచ్చేది. కల్లంలో ఎండబోసిన మిరపకాయల్లో రంగు వెలిసిన తాలుకాయ ఒక్కటి కూడా ఆవిడ కన్ను తప్పించుకునేది కాదు. తన కాళ్ళు ఆడినన్నాళ్ళే ఆ ఇంట్లో తనకు చోటని ఆవిడ నమ్మకం. మా అమ్మ ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆవిడ భయం ఆవిడది. మంచాన పడి ఒకరి చేత చేయించుకునే రోజు తీసుకురావద్దని పొద్దున్నే సూర్యుడికి దణ్ణం పెడుతూ పైకే అనేది.

అలాంటి మనిషికి షుగరని తేలింది. తొంభైల చివరి మాట. ఒళ్ళు వంచి పనిచేసేదే అయినా భారీ మనిషి, అన్నమంటే ప్రాణం. పొద్దున రెండు మాత్రలు, రాత్రి రెండు. సత్తెనపల్లిలో చూపించుకున్న డాక్టరు గారు వయసులో పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడేవారు. “ఒళ్ళు తగ్గించడం నీ వంతు, మాత్రలు తగ్గించడం నా వంతు. నీ అంతట నువ్వు మాత్రం మానొద్దమ్మా” అన్నారు. మందులు తగ్గించే దారి ఒకటి ఉందని వినగానే మా అత్తయ్య ముఖంలో వెలుగు వచ్చింది. ఇంటికి వచ్చాక ఆ మాటే పట్టుకుని కూర్చుంది.

ఎనిమిది నెలలు పట్టుకునే ఉంది. కంచంలో గుట్టగా పెట్టుకునే వరన్నం పోయి గరిటెడు జొన్నన్నం వచ్చింది. ఎదురుగా మా నాన్న వేడన్నంలో గోంగూర పచ్చడి, నెయ్యి కలుపుకుని తింటుంటే, ఆవిడ తల వంచుకుని కూరముక్కలు నములుతూ ఉండేది. పెళ్ళి భోజనాల్లో విస్తట్లో బూరె పడితే చిటికెన వేలితో అంచుకు జరిపేది. రోజంతా చేలో తిరిగి వచ్చి కూడా సాయంత్రం మళ్ళీ కాలవ కట్ట మీద నడిచేది. ఒక్కోరోజు నడిచి వచ్చి అరుగు మీద కూలబడి పాదాలు నొక్కుకునేది. ఎనిమిది నెలలంటే చెప్పేవాళ్ళకు ఒక్క ముక్క. పూట పూటకూ ఆకలిని కొత్తగా ఆపుకోవాల్సిన మనిషికి అది ఎంత పొడుగో నాకు ఈ వయసులో తెలుస్తోంది.

ఆవిడతో పాటు డాక్టరు దగ్గరికి వెళ్ళే పని నాది. నాన్నకు తీరిక ఉండేది కాదు, నేనేమో బస్సు మీది ఊరి పేరూ, చీటీ మీది రాతా చదవగలిగిన దాన్ని. వెళ్ళిన ప్రతిసారీ నా ఆదివారం గల్లంతే. పరగడుపున మొదటి బస్సుకు వెళ్ళి రక్తం ఇవ్వాలి. తరవాత తెచ్చుకున్న డబ్బా విప్పి తినాలి. తిన్న రెండు గంటలకు మళ్ళీ రక్తం ఇవ్వాలి. ఆ కాగితాలు వచ్చాక డాక్టరు గారి పిలుపు కోసం బల్ల మీద కూర్చోవాలి. ఆ గదిలో స్పిరిట్ వాసన, చంటిపిల్లల ఏడుపు, గోడ మీద ఎన్నిసార్లు చూసినా మారని ఒకే ఒక్క బొమ్మ. మా ఊళ్ళో నా జతగాళ్ళంతా తొక్కుడుబిళ్ళ ఆడుకుంటూ ఉంటారని తలుచుకుని లోలోపల ఉడికిపోయేదాన్ని. పైకి మాత్రం బుద్ధిమంతురాలిలా ఉండేదాన్ని. అందరూ నన్ను మెచ్చుకునేవారు మరి.

నాలుగు మాత్రలు రెండయ్యాయి, రెండు ఒకటైంది. అత్తయ్య రవికెలన్నీ వదులైపోయి పక్కలకు మళ్ళీ కుట్లు వేసుకుంది. చివరికి ఒక ఆదివారం డాక్టరు గారు రెండు కాగితాలూ చూసి కళ్ళజోడు తీసి నవ్వారు. “షుగర్ తగ్గిందమ్మా. మాత్ర ఆపేద్దాం. తిండీ నడకా ఇలాగే సాగాలి. మూడు నెలలకోసారి వచ్చి రక్తం చూపించుకో” అన్నారు. మాత్ర ఆపేద్దాం అన్న దగ్గరే మా అత్తయ్యకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ జోడించి నిలబడిపోయింది. ఆ తరవాతి మాట ఒక్కటీ ఆవిడ చెవిన పడలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

బస్టాండులో అరుగు మీద కూర్చున్నాక అడిగింది. “ఏమే, డాక్టరు గారు ఏమన్నారో మళ్ళీ చెప్పు.”

“తగ్గిపోయిందన్నారు అత్తా. ఇక మందులక్కర్లేదంట.”

డాక్టరు గారు తగ్గింది అన్నారు. ‘పోయింది’ నేను కలిపాను. తెలుగులో అది ఎంతో చిన్న ముక్క, నోట్లో అలవోకగా దొర్లిపోతుంది. అది తెలియక కలిపానని చెప్పుకుంటే కొంత నిజమే అవుతుంది. మూడు నెలలకోసారి రమ్మన్న మాట దాచిపెట్టడం మాత్రం తెలిసే చేశాను. మళ్ళీ ఆ బల్ల, ఆ వాసన, ఆ బస్సు అనుకునేసరికి నాకు ప్రాణం ఉసూరుమంది. చెప్పకపోతే ఇక రానక్కర్లేదు కదా అనుకున్నాను. అంతే. అంతకు మించి ఆలోచించే వయసు కాదంటారు, కానీ ఆ కాస్త ఆలోచించగలిగిన దాన్ని ఇంకాస్త ఆలోచించలేనా!

మేనత్తకు షుగర్ తగ్గిపోయిందని ఊరంతా తెలిసింది. అమ్మవారికి పొంగలి పెట్టింది, ఇంటింటికీ బొబ్బట్లు పంచింది. ఎవరైనా అడిగితే “పోయిందమ్మా, పీడ వదిలింది” అని నవ్వుతూ చెప్పేది. రెండు నెలలు అలవాటు కొద్దీ జొన్నన్నమే తింది. తరవాత పండగ వచ్చింది, చుట్టాలు వచ్చారు, వరన్నం మళ్ళీ కంచంలోకి వచ్చింది. జబ్బే లేనప్పుడు పథ్యమెందుకని ఇంట్లో అందరం అనుకున్నాం. సాయంత్రం నడక మానేసింది. రవికెల కుట్లు విప్పుకుంది. మూడు నెలలు గడిచినప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆరు నెలలకు కూడా గుర్తొచ్చింది. కానీ అప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని భయం వేసింది. ఆలస్యమైన కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

మరుసటేడు పత్తికట్టె కొట్టిన చేలో నడుస్తుంటే ఒక మోడు చెప్పును చీల్చుకుని ఆవిడ పాదంలో దిగింది. నొప్పి లేదంది. నిజంగానే లేదు. షుగర్ వల్ల పాదం మొద్దుబారిందనీ, అదే అసలు ప్రమాదమనీ మాకెవరికీ తెలియదు. పసుపు అద్ది గుడ్డ చుట్టుకుని మిరపకోతల్లో తిరిగింది. మూడు వారాలైనా పుండు మానలేదు. పాదం ఉబ్బింది, రెండు వేళ్ళు నల్లబడ్డాయి. మా అమ్మ ఒకరోజు గుడ్డ విప్పించి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది కోతల కాలం. నాన్న ఆటో పిలిచి, మళ్ళీ నన్నే తోడు ఎక్కించాడు.

డాక్టరు గారు పుండు చూసి, రక్తం కాగితం చూసి, దాన్ని బల్ల మీద పెట్టారు. తరవాత, “మూడు నెలలకోసారి రమ్మన్నాను కదమ్మా, ఎందుకు రాలేదు?” అని అడిగారు. మా అత్తయ్య తల తిప్పి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆవిడ చూపు నా మీద ఎంతసేపు ఉందో తెలియదు. చివరికి డాక్టరు గారితో, “నాకే తీరిక చిక్కలేదండీ. చేను పనులు. తగ్గిందన్నారు కదా, జ్వరం తగ్గినట్టే ఇదీ పోయిందనుకున్నా” అంది.

ఆయన కసురుకుంటారని ఎదురుచూశాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, “నిజమే. ఆ మాట అంతవరకే చెప్పి ఊరుకోవడం నా పొరపాటు” అన్నారు. ఆ తరవాత విడమరిచి చెప్పారు. ఒళ్ళు తగ్గి, తిండి కుదురుగా ఉంటే ఈ జబ్బు మందు లేకుండానే అణిగి ఉంటుందనీ, కొందరికి ఏళ్ళ తరబడి అలా ఉంటుందనీ, అయినా అది వెళ్ళిపోయినట్టు కాదనీ, అందుకే మధ్య మధ్య రక్తం చూసుకోవాలనీ అన్నారు. చెప్పడం అయ్యాక, “ఇప్పుడు నేనేం చెప్పానో నువ్వు నాకు చెప్పు” అని ఆవిడ చేత తిరిగి చెప్పించుకున్నారు. ఆ వెంటనే గుంటూరు పెద్దాసుపత్రికి చీటీ రాసి ఇచ్చారు. ఈ రోజే వెళ్ళాలి, రేపటికి వాయిదా వెయ్యొద్దన్నారు.

నాన్నకు కబురు పెట్టి, ఆయన వచ్చేదాకా బస్టాండులో కూర్చున్నాం. ఏడాది కిందట నేను అబద్ధం చెప్పిన చోటే. అత్తయ్య కాలు చాపుకుని, చాలా నెమ్మదిగా అడిగింది. “ఆ రోజు డాక్టరు గారు ఏమన్నారే? ఏదీ కలపకుండా చెప్పు.”

మొత్తం చెప్పాను. మూడు నెలల మాటా చెప్పాను. ఎందుకు దాచావని అడగకముందే, “మళ్ళీ ఇక్కడికి రావాలంటే విసుగేసింది అత్తా” అని ఏడ్చేశాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను కూడా.

ఆవిడ కొంగుతో నా ముక్కు తుడిచింది. “నాకు మాత్రం విసుగు కాదటే? సూదులు, పస్తులు, ఆ బల్ల. నాకూ విసుగే. ఆ మాట అప్పుడే చెప్తే ఇద్దరం విసుక్కుంటూనే వచ్చేవాళ్ళం కదే” అంది. ఇక ఆ సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గుంటూరులో రెండు వేళ్ళు తీసేశారు.

కాలు దక్కింది. కొన్నాళ్ళు ఇంజెక్షన్లు, తరవాత మాత్రలు, మళ్ళీ జొన్నన్నం. రెండోసారి పథ్యంలోకి దిగడం మొదటిసారి కంటే కష్టమని ఆవిడే అనేది. నాలుగు మాత్రల నుంచి ఒకటికి వచ్చింది గానీ ఆ ఒక్కటి మాత్రం చివరిదాకా తప్పలేదు. మూడు నెలలకోసారి నేనే తీసుకెళ్ళాను, కాలేజీకి వెళ్ళేదాకా. బస్సు ఎక్కగానే ఆవిడ “అబ్బా, మళ్ళీ బయల్దేరాం తల్లీ” అనేది, నేను “ఏం బతుకు అత్తా” అనేదాన్ని. దారి పొడుగునా ఇద్దరం విసుక్కుంటూ వెళ్ళేవాళ్ళం. అయినా ఒక్కసారి కూడా మానలేదు. ఆవిడ పోయే ముందు నెల కూడా కుంటుతూనే చేను గట్టు మీద తిరిగింది. ఒకరి చేత చేయించుకోకుండానే వెళ్ళిపోయింది. ఆ రెండు వేళ్ళు నా వల్లే పోయాయని నాకు తెలుసు. చిన్నదానివి కదా అని ఎవరు ఓదార్చినా నాకు ఓదార్పు కలగదు.

నాకిప్పుడు నలభై దాటింది. మూడేళ్ళ కిందట నాకూ షుగరని తేలింది. తిండి మార్చుకున్నాను, ఒళ్ళు తగ్గించుకున్నాను, డాక్టరే మాత్రలు ఒక్కొక్కటీ తగ్గిస్తూ వచ్చి, కిందటేడు ఆపేశారు. చుట్టాలు తగ్గిపోయిందా అని అడిగితే, ఇప్పటికి మందు లేదు, చూసుకుంటున్నాను అని మాత్రమే చెబుతాను. పరీక్ష రోజు పొద్దున్నే మంచం దిగాలంటే ఒళ్ళు మొరాయిస్తుంది. అలసిపోయాను, ఇది ఎప్పటికీ ముగిసే పని కాదని తెలిసిన అలసట. ఇంట్లో ఎవరూ లేకపోయినా, “అబ్బా, విసుగ్గా ఉంది అత్తా” అని పైకే అంటాను. అని, చెప్పులు వేసుకుని బయల్దేరతాను.